కొమ్ము సొర జాడీ

నేను కోతలు కోస్తానని ముందే ఒప్పుకుంటున్నాను. మా ఆవిడ నేను చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేసి వింటుంది. దెయ్యాల్నీ మహిమల్నీ మాత్రం ఏనాడూ నమ్మలేదు. చచ్చిన జీవాల మధ్య పద్నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. నమ్మేవాణ్ణయితే మధ్యాహ్నం అక్కడ క్యారేజీ విప్పి అన్నం ఎలా తింటాను?

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే దారిలో, సముద్రం ఒడ్డున ఒక పరిశోధన కేంద్రం ఉండేది. దాని మ్యూజియంలో నేను అసిస్టెంటుని. మొదట్లో అది రేకుల షెడ్డట. ఒక ఆఫీసరు, ఒక బల్ల, నాలుగు ఖాళీ గాజు జాడీలు. వింత చేప పడితే తెచ్చిమ్మని ఆయన జాలర్లను అడిగితే, "మాకేంటండీ లాభం?" అన్నారట. "చేప కింద మీ పేరు రాస్తాను" అన్నాడాయన. ఏడాది తిరిగేసరికి జాడీలు చాల్లేదు. తర్వాత భవనం లేచింది, శాస్త్రవేత్తలొచ్చారు, తిమింగలం అస్థిపంజరం వేలాడింది. దాని పొడుగు మాత్రం అడక్కండి, నేను చెప్పిన ప్రతిసారీ రెండడుగులు పెరుగుతోంది.

ఆఫీసరు పోయినా పద్ధతి పోలేదు. ఎవరికీ నోరు తిరగని శాస్త్రీయనామం పైన, తెచ్చినవాడి పేరు కింద. దాంతో జాలరి ఇళ్ళలో ఒక అలవాటు పుట్టింది. బోటు రావడం ఆలస్యమైతే ఆడవాళ్ళు వచ్చి, తమవాళ్ళ జాడీ ముందు కాసేపు నిలబడి వెళ్ళేవారు. వాళ్ళని మేం టిక్కెట్టు అడిగేవాళ్ళం కాదు.

తొంభైల చివర్లో, వాయుగుండం పట్టిన ఒక వారం, నూకరత్నం వచ్చింది. వేటకెళ్ళిన ఆమె భర్త అప్పారావు బోటుకి మూడు రోజులుగా జాడ లేదు. అతను తెచ్చిన కొమ్ము సొరచేప పిల్ల, సుత్తిలాంటి తలతో, కిటికీ పక్క జాడీలో ఉండేది.

"బాబూ, ఓసారి ఇలా రండి" అని పిలిచింది.

జాడీలో, చేప చెడకుండా పోసిన మందునీళ్ళు ఊగుతున్నాయి.

మూతకి మైనం వేసి ఉంది. కరెంటు లేదు, ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. కిటికీలు పొద్దున్న నేనే బిగించాను. బల్ల మీద అరచెయ్యి ఆనించాను. అదురు లేదు. అటూ ఇటూ జాడీలు రాళ్ళలా ఉన్నాయి. ఆ ఒక్కదాంట్లోనే ద్రవం ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎక్కి దిగుతోంది. సొర పిల్ల గాజుకి తల కొట్టుకుంటోంది.

"ఆడు నీళ్ళలో ఉన్నాడండి" అంది నూకరత్నం.

ఊపు పెరిగింది. ఒకసారి మూత దాకా ఎగసింది. ఉన్నట్టుండి, ఎవరో పట్టి ఆపినట్టు, ఆగిపోయింది. గోడ గడియారంలో మూడుంపావు. ఆటుపోట్ల రిజిస్టరు మార్జిన్లో పెన్సిల్‌తో రాసుకున్నాను.

"అయిపోయిందండి" అంటూ నూకరత్నం కూలబడింది. నేనే ధైర్యం చెప్పాను. "నీళ్ళు ఆగాయంటే వాడికి నేల దొరికినట్టమ్మా" అన్నాను.

మర్నాడు అప్పారావు వచ్చాడు. ముందురోజు తెల్లారకుండానే బోటు బోల్తా పడిందట. మిగతా ఇద్దర్నీ ఇంకో బోటు ఎక్కించుకుంది. ఇతను ఖాళీ డబ్బా పట్టుకుని కొట్టుకుపోయి కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్ ఇసుక మీదికి పాకాడు. అక్కడి లైట్‌హౌస్ మనిషి చూసి పుస్తకంలో టైము వేశాడు. మూడుంపావు. ఆ పేజీ నేను వెళ్ళి చూసొచ్చాను.

మా శాస్త్రవేత్తల్లో ఒకాయన గాలి పీడనం అన్నాడు. ఇంకొకాయన కళ్ళు పరీక్ష చేయించుకోమన్నాడు. పీడనం లెక్కలూ చూశాను, కళ్ళూ చూపించుకున్నాను. ఇవాళ్టికీ నాకు అర్థం కాలేదు.

ఇక నేను కల్పించిన ముక్క. జాడీ కాదు, టైమూ కాదు. "అయిపోయింది" అన్నది నూకరత్నం కాదు, నేను. కూలబడిందీ నేనే.

ఆవిడ నా వైపు తిరగనైనా లేదు. "అలా అనకండి బాబూ. నీళ్ళు ఆగాయంటే ఆడికి నేల దొరికింది" అంది. చెంగుతో జాడీ తుడిచి, అన్నం వండాలంటూ ఇంటికి వెళ్ళిపోయింది.