చిల్లగింజ నీళ్ళు

గుంటూరు పొలిమేరలో, ప్రత్తిపాడు రోడ్డు పక్కన మాబూబీ గుడిసె ముందు వేసవంతా నీళ్ళకుండ ఉంటుంది. పెరటి బావి నీళ్ళను పాత చీరగుడ్డలో వడకట్టి, చిల్లగింజను రాతిమీద అరగదీసి, ఆ గంధం కుండలో కలుపుతుంది. మడ్డి అడుక్కి దిగేదాకా పక్కనే గొంతుక్కూర్చుని, గాజుగ్లాసుతో ముంచి ఎండకు పట్టి చూసుకున్నాక గానీ మూత పెట్టదు. దారినపోయే వాళ్ళందరికీ ఆ గ్లాసుతోనే ఇస్తుంది. కులం అడిగి దోసిట్లో పొయ్యడం ఆమె ఎరగదు.

ఆ పొద్దున గవర్నమెంటు మనిషి ఒకాయన వచ్చి, పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు నుంచి సీసం బావిలోకి దిగిందనీ, ఆ విషం కంటికి కనపడదనీ, వడకట్టినా కాచినా పోదనీ చెప్పి వెళ్ళాడు. అప్పట్నుంచి మాబూబీ కుండ మూత తీస్తోంది, పెడుతోంది. నీళ్ళు మాత్రం ఎప్పటిలాగే తేటగా ఉన్నాయి. మధ్యాహ్నం మాలపల్లె జక్రయ్య మిరప బస్తాల బండి ఆపి, ఘాటుకి దగ్గుతూ, అలవాటుగా చెయ్యి చాచాడు. ఆమె గ్లాసు వెనక్కి లాక్కుంది. "వద్దు నాయనా, ఈ నీళ్ళు మంచియ్యి కావంట." జక్రయ్య కుండలోకి తొంగిచూశాడు. ఆమె చేతిలో గ్లాసు వంక చూశాడు. మెల్లిగా వంగి దోసిలి పట్టాడు. "ఎవరన్నా ఏమన్నా అన్నారా బూబమ్మా? గ్లాసు ముట్టుకోన్లే. పైనుంచి పొయ్యి."

"అయ్యో, అందుక్కాదురా!" అంటూనే ఆమె గ్లాసు నిండా ముంచి అతని చేతిలో పెట్టేసింది. అతను తాగుతుంటే, గుటక దిగే చోటే చూస్తూ నిలబడిపోయింది. జక్రయ్య మూతి తుడుచుకున్నాడు. మొహం తేటపడింది. ఖాళీ గ్లాసుతో మళ్ళీ చెయ్యి చాచాడు.