పై మంచం కోసం ఆడిన ఆట

ఆ రోజుల్లో ఒక మనిషి హోదా తెలియాలంటే అతని మంచం నేలకు ఎంత ఎత్తులో ఉందో చూస్తే చాలునని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం మా దొరల గడీ నుంచి వచ్చింది. (గడీ అంటే ఇప్పుడు రెండు గోడలు, కోర్టులో ఒక కేసు. నా నడుము మాత్రం గడీ ఇంకా నిలిచే ఉన్నట్టు నిటారుగా ఉండేది.) మా తాత కూర్చున్న చోట ఆయనకన్నా ఎత్తులో ఎవరూ కూర్చోలేదని చిన్నప్పుడు వందసార్లు విన్నాను. అలాంటి నేను బర్ దుబాయ్‌లో ముగ్గురుండే గదిలో, రెండంతస్తుల ఇనుప మంచంలో, కింది అంతస్తులో పడుకునేవాణ్ణి. పైన, భవనాలకు రంగులేసే పెయింటర్. మావి పక్కపక్క ఊళ్లు. వాళ్ల తాత మా గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాడే. మనవడి మడమలు రోజూ పొద్దున్నే నా ముఖానికి మూరెడు దూరంలో వేలాడేవి. మంచాలు మార్చుకుందామని అడిగితే సరిపోయేది. కానీ అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

కరోనా రెండో ఏడు మా ముగ్గురికీ ఒకేసారి జ్వరం తగిలి, పది రోజులు గది దాటవద్దన్నారు. గది అద్దె వ్యవహారం చూసేవాడు కనక మేము అరబ్బీలో ముదీర్, అంటే మేనేజరు, అని పిలిచే కాకినాడాయన, నైఫ్ బజారులో కొన్న పాత వీడియోగేమ్ పెట్టెను బయటికి తీశాడు. అందులో ఒక ఆట. ముగ్గురు జట్టుగా పరుగెత్తుతుంటారు. ఒకడు మెరుపులా ఉరికేవాడు, ఒకడు ఎగిరేవాడు, ఒకడు బండలు పగలగొట్టేవాడు. మీట నొక్కితే ముందున్నవాడు వెనక్కి తగ్గి, వెనకున్నవాడు నాయకుడవుతాడు. లోయ వస్తే ఎగిరేవాణ్ణి, గోడ వస్తే బండోణ్ణి ముందుకు తేవాలి. అంతా రెప్పపాటులో జరగాలి. ఆట చూడగానే నాకో మార్గం తోచింది. "గెలిచినవాడు కోరుకున్న మంచం తీసుకోవాలి," అన్నాను. పెయింటర్ నన్ను ఒక్క క్షణం చూసి, "సరే సారూ, మాట మీదుండాలె మరి," అన్నాడు. ఆ హెచ్చరిక నాకు అవమానంగా తోచింది.

మొదట నేనే ఆడాను. ఉరికేవాడే ఇంటి పెద్ద అని మనసులో తీర్మానించుకున్నాను. పెద్దవాడు అడ్డమైన ప్రతి లోయకూ వెనక్కి తగ్గుతాడా? లోయ వచ్చింది. నావాడు తలెత్తుకుని అందులో పడ్డాడు. మళ్లీ పడ్డాడు. "మీట నొక్కండి దొరగారూ! ఎగిరేవాణ్ణి తెండి, యల్లా, త్వరగా!" అని ముదీర్ దగ్గుతూనే అరిచాడు. "అక్కర్లేదు, వీడే దూకుతాడు," అన్నాను. "దూకుతున్నాడండీ. కాకపోతే కిందికి." నాలుగోసారి ఎలాగో దాటాడు. తర్వాత గోడ వచ్చింది. నావాడు దాన్ని గుద్దుకుంటూ నిలబడ్డాడు. వెనక బండోడు పిడికిళ్లు నలుపుకుంటూ ఎదురుచూస్తున్నాడు. "ఆయన్నొక్కసారి పిలువు సారూ, పాపం ఖాళీగున్నడు," అన్నాడు పెయింటర్. నేను పిలవలేదు. సమయం అయిపోయింది. "ఖలాస్," అన్నాడు ముదీర్.

పెయింటర్ పరంజి మీద రంగు డబ్బా అందుకున్నంత తేలిగ్గా ఆడాడు. ఒకణ్ణి వెనక్కి, ఒకణ్ణి ముందుకి మారుస్తూ చివరిదాకా వెళ్లిపోయాడు. "గా ఉరికెటోడు ఎన్కకు వోతె చిన్నగైతడా సారూ? మళ్ల వాడే ముందటికొస్తడు గద," అన్నాడు, నా వైపు చూడకుండానే.

నేను లేచి నిలబడి (ఓటమిని నిలబడి ఒప్పుకోవాలని మా తాత పద్ధతి), "నీ పై మంచం నీదే," అన్నాను. "నాకెందుకది? నాకు కిందిది గావాలె. పొద్దంత పరంజి ఎక్కి దిగి మోకాళ్లు గుంజుతున్నయ్. ఏడాది సంది అనుకుంటున్న. అడిగితె నువ్వియ్యవని అడుగలే," అన్నాడు పెయింటర్. ముదీర్ నవ్వు, దగ్గు కలిసి చాలాసేపు ఆగలేదు.

అలా ఓడిపోయి, కోరుకున్న ఎత్తుకు చేరాను. దిండు సర్దుకుని పడుకున్నాక తెలిసింది, గదిలో ఉన్న ఒక్క ప్లగ్గూ కింది మంచం పక్కనే ఉందని. ఫోన్ బ్యాటరీ ఎర్రగీతకు వచ్చింది. నిచ్చెన దిగితే ఇప్పుడే ఎక్కి ఇప్పుడే దిగాడంటారు. "ఏయ్ పెయింటర్," అన్నాను, ఎప్పుడూ పిలిచినట్టే. పలకలేదు. కాసేపాగి మళ్లీ పిలిచాను. కింద మంచం హాయిగా కిర్రుమంది, అంతే. ఆటలో నావాడిలాగే మరో పావుగంట గోడతో కుస్తీ పట్టాను. చివరికి, "అన్నా, ఈ ఫోను జర చార్జింగుకు పెడతవా?" అన్నాను. వెంటనే ఒక చెయ్యి పైకి లేచింది. దాని మీద తెల్లరంగు మరకలు. "గట్లడుగు తమ్మీ. ఇటియ్యి."

మా వంశంలో ఒకరిచేత తమ్మీ అనిపించుకున్న మొదటివాణ్ణి నేనే అయి ఉంటాను. పరువు ఎక్కడైనా విరిగిందేమోనని కాసేపు తడిమి చూసుకున్నాను. ఫోన్ చార్జింగుకు తగిలిన చిన్న శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు.

ఇప్పుడు షార్జాలో నాకు వేరే గది, ఒంటి మంచం ఉన్నాయి. నాకు పైనా ఎవరూ లేరు, కిందా ఎవరూ లేరు. ఫోన్ నేనే వంగి ప్లగ్గుకు పెట్టుకుంటాను. ‘అన్నా’ అనే ఒక్క మాటకు పావుగంట పట్టిన ఆ కుర్ర దొర అప్పుడప్పుడు గుర్తొస్తాడు. నవ్వొస్తుంది. ఆ వెంటనే, ఆ మాట ఇంకాస్త ముందే అని ఉండవలసింది కదా అనిపిస్తుంది.