ఉయ్యాల కొక్కెం

మా ఇంటి ముందు గది కప్పుకు ఒక ఇనుప కొక్కెం ఉంది. ఇల్లు కట్టేటప్పుడు మేం అడగకుండానే మేస్త్రీ పెట్టాడు. నంద్యాలలో మా వీధిలో ఏ ఇంటికి పోయినా ముందు గదిలో ఇలాంటిది ఒకటి కనబడుతుంది. పిల్లలు పుడితే ఉయ్యాల వేయడానికి. మా పాప దానికి వేసిన ఉయ్యాలలోనే నవ్వడం నేర్చుకుంది. ఆ తర్వాత చాలా ఏళ్లు క్రిస్మస్ నక్షత్రం తప్ప దానికి ఇంకేమీ వేలాడలేదు. పాప పెద్దదై, బెంగళూరులో ఉద్యోగంలో చేరి, సెలవు రోజుల్లో పారాచూట్‌తో విమానంలోంచి దూకడం మొదలుపెట్టాక, సాధన కోసం మళ్లీ అదే కొక్కేనికి వేలాడింది. ఈసారి ఉయ్యాల బదులు నడుముకూ తొడలకూ బిగించే పట్టీలు.

"ఇంక దేనికీ పనికిరాదు అనుకుంటి ఈ కొక్కెం" అన్నాడు మా ఆయన కింద కూర్చుని ఉగ్గాని తింటూ. ఆయన బస్సు డ్రైవరు. ఆళ్లగడ్డ ఆయన సొంతూరు. కూతురు గాల్లో కాళ్లాడిస్తుంటే చూసి నవ్వేవాడు గాని, అది ఎక్కకముందే కొక్కెం బలంగా ఉందా లేదా అని రెండుసార్లు తాను వేలాడి చూసేవాడు.

నేను బడిలో కుట్టు టీచర్ని. ఇప్పుడు రిటైరయ్యాను. దారం చిక్కు పడితే పళ్లతో కొరికే పిల్లల వేళ్ల మీద స్కేలుతో ఒక్కటి వేసేదాన్ని. చిక్కును కోసేవాళ్లకు ఓపిక లేదని, ఓపిక లేనివాళ్లకు పని రాదని నా మాట. మా పాప తల చిక్కు కూడా అట్లానే తీసేదాన్ని. మా అత్తగారి ఇంట్లో ఆడపిల్లల జుట్టుకు కత్తెర తగలనివ్వరు. ఎంత చిక్కయినా కొస నుంచి మొదలుపెట్టి, వెంట్రుక వెంట్రుకా విడదీసి, జడ వేసి పంపాల్సిందే. దానికి మోకాళ్ల దాకా జుట్టు. దూకేటప్పుడు ఆ జడను చొక్కా లోపలికి దోపుకునేది. దూకడం నేర్పే గురువు కత్తిరించుకోమని చెప్పినా వినలేదట. అది నా మీద గౌరవమో, మొండితనమో నేను అడగలేదు.

వీపు మీద రెండు పారాచూట్లు ఉంటాయని మాకు అదే చెప్పింది. పెద్దది రోజూ వాడేది. రెండోది ఆపదకు. మొదటిది సరిగ్గా తెరుచుకోకపోతే కుడివైపు ఎర్ర పిడి లాగాలి, ఆ పెద్ద పారాచూట్ తెగి పైకి పోతుంది. వెంటనే ఎడమవైపు ఇనుప కడియం లాగాలి, రెండోది తెరుచుకుంటుంది. ముందు ఎర్రది, తర్వాత కడియం. తారుమారైతే రెండూ ఒకదానికొకటి చుట్టుకుంటాయి.

"అంత గుడ్డను తెంపి పారేసేదా?" అన్నాను. నాకు అదే నచ్చలేదు.

"పారేయాల్సిందే మా. గుడ్డ పోతే పోయె, నేనుంటా గదా."

"రెండోది గూడా తెరుసుకోకుంటే?" అని వాళ్ల నాయన.

"స్టెప్నీ గూడా పంచరైతే నువ్వేం జేస్తావ్ నాయనా? దిగి నడుస్తావ్. నేనూ అంతే."

ఆయన నవ్వాడు. సగం తిన్న ప్లేటు కింద పెట్టి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఇంట్లో సాధనకు పిడులు కావాలంటే నేనే కుట్టి ఇచ్చాను. ఎర్ర మఖమల్ ముక్కలో దూది కూరి కుడిపిడి చేశాను. పాత సంచి నుంచి ఇనుప కడియం తీసి, దాని చుట్టూ తెల్ల గుడ్డ చుట్టి ఎడమది చేశాను. కుట్లు నాలుగు వరసలు వేశాను. ఒక పనిని అట్లా మనసు పెట్టి చేసి చాలా కాలమైంది.

ఇక సెలవుకు వచ్చినప్పుడల్లా అది కొక్కేనికి వేలాడేది, నేను కుర్చీలో కూర్చుని ఆపదలు చెప్పేదాన్ని. "గుడ్డ సంచిలోంచి బయటికే రాలేదు!" అంటే, "సూడు, పట్టుకో, గుంజు" అని తానే గట్టిగా అనుకుంటూ రెండు పిడులూ వరసగా లాగేసేది. "సగమే తెరుసుకునింది!" అంటే మళ్లీ అదే. ఒక్క ఆపద మాత్రం వేరు. తాళ్లు మెలిక పడితే వెంటనే తెంపనక్కర లేదు. తాళ్లను రెండు చేతులా ఎడంగా పట్టి, సైకిల్ తొక్కినట్టు కాళ్లతో తన్నితే శరీరం తిరిగి మెలిక విడిపోతుంది. అయితే దానికీ ఒక హద్దు పెట్టారు. మణికట్టు మీద ఎత్తు చూపే గడియారం ఉంటుంది. ఆ ముల్లు ఫలానా చోటికి వచ్చేసరికి విడిపోకపోతే ఇక ఆలోచన లేదు, తెంపాల్సిందే. "తాళ్లు మెలిక పడినాయి!" అని నేనంటే కొక్కెం కిందే గిరగిరా తిరిగి, విప్పుకుని, "ఇడిపాయ మా!" అని చేతులు చాపేది. అన్నిటికంటే ఆ ఆపద మా ఇద్దరికీ ఇష్టం.

పోయిన వేసవిలో సొంత పారాచూట్ కొనుక్కుని తెచ్చింది. అంతవరకు అద్దెది వాడేది. కొత్తది పరిచి చూసుకోవడానికి పొడవైన నేల కావాలంటే ఆళ్లగడ్డలో మా చర్చి హాలు అడిగాం. ఆళ్లగడ్డలో నేల ఎంత ఊడ్చినా రాతి పొడి ఉంటుంది. పక్కనే శిల్పాలు చెక్కేవాళ్ల ఉలి చప్పుడు పొద్దస్తమానం వినబడుతూ ఉంటుంది. ఆ పొడి తాళ్లను కొరుకుతుందని పాప చెప్పడంతో నేను మొత్తం హాలు రెండుసార్లు తడిగుడ్డ పెట్టి తుడిచాను. అప్పుడు పరిచింది.

నేను చేత్తో పట్టుకుంటే సబ్బు రాసినట్టు జారిపోయింది. కానీ నా కంటికి మొదట ఆనింది దాని తక్కువ వెడల్పు. అద్దె పారాచూట్ ఫోటో చూసి ఉన్నాను, దాని ముందు ఇది పిల్లల గౌనులా ఉంది.

"ఇంత కురసగా తీసుకున్యావేంది పాపా?"

"చిన్నదైతే వేగంగా పోతాది మా. పెద్దదాంట్లో గాలికి ఎనక్కి కొట్టుకోనిపోయి యాడో చేలల్లో దిగుతాండా. అందరూ చిన్నవే వాడతారు, నేనొక్కదాన్నే గొడుగు పట్టుకోని దిగినట్టు దిగుతా."

"జాకెట్టు కుట్టినా లోపల కుట్టు వదిలి కుడతాం. రేపు లావైతే విప్పుకోవచ్చని. వదులుగుండేది తీసుకో."

"దీంట్లో కుట్టు వదలరు మా" అని పకపకా నవ్వింది.

ఆ సాయంత్రం వాళ్ల గురువు ఫోన్ చేశాడు. ఇంకొన్నాళ్లు పెద్దదానితోనే దూకమన్నాడు. చిన్నదాంట్లో మెలిక పడితే నెమ్మదిగా ఉండదని, గిరగిరా తిప్పేస్తుందని, విప్పుకునే లోపలే ఎత్తంతా అయిపోతుందని చెప్పాడు. ఫోన్ స్పీకరులో ఉంది కాబట్టి అందరం విన్నాం. "నా సర్వీసులో బండి మారిన ప్రతిసారీ కొన్నాళ్లు గుండె అరచేతిలో పెట్టుకోనే తోలినా" అన్నాడు మా ఆయన. "ఎనకటి బండి అలవాటుతో ఈ బండి బ్రేకు తొక్కితే ఆగదు." పాప సరే సరే అంది. ఎవరైనా తెలివైనవాళ్లు సరే సరే అని రెండుసార్లు అన్నారంటే విననట్టే.

మా ఆయన మాత్రం పట్టు వదలక ఆ పారాచూట్ సంచిలో ఇంకేమేం ఉన్నాయో అన్నీ అడిగాడు. స్పృహ తప్పి పడిపోతుంటే దానంతటదే రెండోది తెరిచే చిన్న యంత్రం ఉందని తెలిసి సంతోషించాడు. అయితే సగం తెరుచుకున్న గుడ్డతో దిగుతుంటే అంతా బాగానే ఉందనుకుని ఆ యంత్రం ఊరుకుంటుందని పాప చెప్పింది. ఇంకో పట్టీ ఉంది. మొదటిది తెంపగానే అది రెండోదాన్ని లాగేస్తుంది. "అదన్నా పెట్టుకో తల్లీ" అన్నాడు. పెట్టుకుంది. ఆ ఒక్క మాట విన్నది.

ఆ పట్టీని పొగడాలో తిట్టాలో నాకు నేటికీ తెలియదు.

జరిగింది నాకు పాపే చెప్పింది, ఆస్పత్రిలో గొంతులోంచి గొట్టం తీసిన తర్వాత. ఆ చిన్నదాని తాళ్లకు మెలిక పడింది. గిరగిరా తిప్పింది. పాప కాళ్లతో తన్నింది. ఒక మెలిక విడింది, ఇంకోటి విడింది. ముల్లు హద్దు దాటడం చూసింది. "ఒక్కటే మిగిలింది మా. ఒక్కటి. ఇడిపోతాండాది అనుకున్యా." తర్వాత తెంపింది. పట్టీ రెండోదాన్ని లాగింది. అది పూర్తిగా ఊపిరి పోసుకునే లోపలే నేల వచ్చేసింది. మెడ ఎముక విరిగింది. భుజాలు కదులుతాయి, మోచేతులు కొంచెం వంగుతాయి. వేళ్లు మూయలేదు. కాళ్ల సంగతి అడగొద్దు.

"ఇంతకంటే ఎక్కువ ఆశ పెట్టుకోకండి" అన్నాడు పెద్ద డాక్టరు. ఆయన ముఖాన ఉమ్మేయాలనిపించింది. ఆయన చేసిన తప్పేమీ లేదు, అయినా అనిపించింది.

నంద్యాలకు తెచ్చుకుని ముందు గదిలో మంచం వేశాం. గాలి వస్తుందని వేశాం గాని, మంచం కొక్కెం కిందే పడింది. వచ్చినవాళ్లకు లెక్క లేదు. చాగలమర్రి నుంచి వచ్చిన మా చర్చి పెద్దమ్మ ఒకామె దేవుని చిత్తం అంది. దేవునికి ఇంతకంటే వేరే పని లేదా అన్నాను. ఆమె మళ్లీ రాలేదు. పక్కింటి రెడ్డిగారి భార్య మంచిది, మహానందికి మొక్కుకోమంది, తల నీలాలు ఇస్తామని. మా చర్చివాళ్లు అట్లాంటి మొక్కులు మొక్కరని ఆమెకు తెలుసు. అయినా అంది. ఆమె రోజూ మజ్జిగ పంపుతుంది.

కసరత్తు చేయించడానికి వచ్చే అబ్బాయి కొక్కేనికి కప్పీ కట్టి తాడు వేశాడు, భుజాలు లేపడానికి. తాడు కొసలకు పట్టుకోవడానికి ఏదైనా మెత్తగా కావాలన్నాడు. నేను బీరువాలోంచి ఆ ఎర్ర పిడీ, ఆ కడియం తీసి, తాడుకు నాలుగు వరసల కుట్టు వేసి బిగించాను. నా లెక్క నాది. రోజూ పట్టుకున్నవి కదా, చేతులకు గుర్తుంటుందనుకున్నాను. పొద్దునా సాయంత్రం మంచం పక్కన కూర్చుని "పట్టుకో పాపా" అంటాను. దాని చెయ్యి పిడి మీద నేను పెట్టినచోటే ఉంటుంది. వేళ్లు మాత్రం మూసుకోవు. "కొంచెం కదిలినట్టుంది" అంటాను. అది కప్పు వైపు చూస్తుంది.

ఈ మధ్య నాకు విషజ్వరం వచ్చి పడుకున్నాను. మా ఆయన డ్యూటీకి సెలవు పెట్టి దాన్ని చూసుకున్నాడు. తిండి పెట్టాడు, పక్క మార్చాడు, ఒళ్లు తుడిచాడు. తల దువ్వడం ఆయనకు రాదు. నేను లేచి చూసేసరికి దిండుకు రాసుకుని రాసుకుని వెనక జుట్టంతా కొబ్బరి పీచులా ఉండకట్టింది. నూనె రాశాను. కొస నుంచి మొదలుపెట్టాను. పొద్దున కూర్చున్నదాన్ని, ఎండ గడప దాటినా అరచెయ్యంత కూడా విడలేదు. లాగినప్పుడల్లా దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మెడ పైన మాత్రం దానికి నొప్పి తెలుస్తుంది.

"కోసెయ్ మా."

"ఇడిపోతాది. కొంచెమే ఉండాది."

"మా." దాని గొంతు గట్టిగా లేదు. "నేనూ అదే అనుకున్యా."

నా చేతులు ఆగిపోయాయి. దువ్వెన జుట్టులోనే ఉంది.

"సూడు" అంది. కొక్కేనికి వేలాడుతూ తనకు తాను చెప్పుకున్న మాటలే, ఇప్పుడు నాకు చెబుతోంది. "పట్టుకో. బేగా కొయ్యి."

గుడ్డలు కత్తిరించే కత్తెర తెచ్చాను. వెనక జుట్టు పట్టుకుని, కుదుళ్ల దగ్గర కోశాను. ఇన్నేళ్లు పెంచిన జుట్టు ఇంత సులువుగా తెగుతుందని నేను అనుకోలేదు. గట్టిగా ఏడ్చాను. అది ఏడవలేదు. తల తేలికైందేమో, అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇప్పుడు పైవి" అంది.

నాకు అర్థమైంది. అర్థం కానట్టు కూర్చున్నాను.

"నాయన వచ్చేలోపల కొయ్యి మా. పొద్దున లేస్తే నువ్వు పట్టుకో అనేది, నేను పట్టుకోలేనిది. నాకు శాతగాదు ఇంక. నీకూ శాతగాదు."

కసరత్తు కాగానే తాడు కొసలు పైకి లాగి కడతాం, అందుకని స్టూలు ఎక్కాను. నాలుగు వరసలు కుట్టిన కుట్లు, తెగడానికి సతాయించాయి.

"ముందు ఎర్రది" అంది కింది నుంచి.

ఎర్రది కోశాను. మంచం మీద దాని కుడిచేతి పక్కన పడింది.

"ఇప్పుడు కడియం."

కడియం కూడా కోశాను. నేల మీద పడి దొర్లి గోడ దగ్గర ఆగింది. స్టూలు మీదే నిలబడిపోయాను. అది కింది నుంచి, నేను పై నుంచి, ఇద్దరం కొక్కెం వైపు చూస్తూ ఉన్నాం. ఏదీ తెరుచుకోలేదు.