చైన్ నూనె టైరుకంటిన రోజు

నెల్లూరు నుంచి హంపికి బండి మీద వెళ్ళిరావాలన్న ఆలోచన నాది. వెనక సీటు మా అన్న రఘుది. రెండేళ్ళ కిందట హైవే మీద లారీ తగిలి వాడి కాలు విరిగింది. ఎముక అతుక్కుంది, నడక కుదుటపడింది, కానీ ఆ తరవాత హ్యాండిల్ పట్టలేదు. ఇంటిముందు బండి తుడిచేవాడు, స్టార్ట్ చేసి కాసేపు చప్పుడు వినేవాడు, ఆపేసేవాడు. వెనక కూర్చునైనా రోడ్డు చూస్తాడని బయల్దేరదీశాను.

తన వంతుగా అన్న బండికి ఒక పరికరం బిగించాడు. దూరప్రయాణాల్లో చైన్ ఎండిపోకుండా చూసే చిన్న నూనె డబ్బా అది. దాన్ని సీటు కింద ప్లాస్టిక్ ట్యాగులతో కట్టి, సన్నటి గొట్టాన్ని వెనక పళ్ళచక్రం దాకా తెచ్చి అక్కడా ఒక ట్యాగుతో బిగించాడు. బండి నడుస్తుంటే చైన్ మీద చుక్కచుక్కగా నూనె పడుతుంది. హంపి దాకా చక్కగా పనిచేసింది. ఆగిన ప్రతిచోటా వంగి చూసి తృప్తిగా తలాడించేవాడు.

తిరుగుప్రయాణం ఆఖరి రోజు పోరుమామిళ్ళలో పొద్దున్నే ఇడ్లీ తిని, కొండలు దాటి, పదిగంటల వేళకు సీతారామపురం చేరాం. టీకొట్టు దగ్గర సంచులు పెట్టుకుని బస్సు కోసం చూస్తున్న ఒక పెద్దాయన పలకరించాడు.

"యాడికి మా?"

"నెల్లూరికి తాతా."

"రోడ్డు ఇట్నే ఉంటదనుకోబాకండి. ముందర గుంతలుండాయి."

ఆ గుంతల్లోనే ఎక్కడో ట్యాగు తెగింది. గొట్టం పక్కకు తిరిగి నూనె టైరు మీద పడుతోందని మాకు తెలియదు. ఉదయగిరి కొండ దగ్గరపడింది. ఊరు ఇంకో మలుపు దూరంలో ఉందనగా మేకలు అడ్డొచ్చాయి. వేగం తగ్గించి బండిని వంచాను. వెనక చక్రం నా కింద నుంచి జారిపోయింది. ఇద్దరం రోడ్డు మీద పడ్డాం.

నా కుడి మణికట్టు భగ్గుమంది. అన్న రోడ్డు పక్కన కూర్చుని పాత దెబ్బ తగిలిన కాలును రెండు చేతులా పట్టుకున్నాడు.

"తగిలిందా అన్నా?"

"లేదు" అన్నాడు గానీ లేవలేదు. పెదవులు తెల్లబడ్డాయి.

మేకలు తోలుతున్న రమణమ్మ అనే ఆమె పరిగెత్తుకొచ్చి బండి లేపబోయింది. టైరు మీద చెయ్యి పడగానే ఆగింది.

"ఏంది మా ఇది, టైరంతా నూనె! జారక ఏమైద్ది?"

అన్న అప్పుడు లేచాడు. తెగిన ట్యాగు, వేలాడుతున్న గొట్టం చూశాడు.

"నేను కట్టిందే నిన్ను పడేసింది బుజ్జీ."

"గుంతలు తెంపినాయి లే" అన్నాను. వాడు వినిపించుకోలేదు. డబ్బా పీకి కవర్లో చుట్టాడు. రమణమ్మ ఇంటినుంచి సబ్బుపొడి, బిందెడు నీళ్ళు తెచ్చింది. అన్న టైరును పీచుతో రుద్దాడు, కడిగాడు, బొటనవేలితో తడిమి చూసి మళ్ళీ రుద్దాడు. "చాల్లే నాయనా, టైరు అరిగిపోతాది" అని ఆమె అనేదాకా ఆపలేదు.

ఉదయగిరి దాకా బండిని తోసుకుంటూ నడిచాడు. ఆసుపత్రిలో నర్సు నా చేతికి కట్టు కట్టి, "వారం దాకా హ్యాండిల్ పట్టుకోబాక" అంది. బస్టాండు ఎదురుగా కారం దోసెలు తిన్నాం. నెల్లూరు బస్సు నిలబడి ఉంది. అన్న దానివైపు చాలాసేపు చూశాడు. లేచి వెళ్ళి ఒక నూనె సీసా, పళ్ళ బ్రష్షు కొనుక్కొచ్చాడు. చైన్ తిప్పుతూ లంకెలన్నిటికీ నూనె పట్టించి, మిగిలింది గుడ్డతో తుడిచాడు. తరవాత నా ముందు చెయ్యి చాపాడు.

"తాళం ఇయ్యి. ఆత్మకూరు దాకా చూస్తా. చేతగాకపోతే ఆడ ఆపేస్తా."

సైకిళ్ళు కూడా మమ్మల్ని దాటిపోయాయి. లారీ ఎదురైతే మట్టిలోకి దిగి ఆగేవాడు. అది వెళ్ళిపోయాక ఊపిరి తీసుకుని మళ్ళీ రోడ్డెక్కేవాడు. వాడి వీపు చొక్కా తడిసి ముద్దయింది.

ఆత్మకూరు చేరేసరికి ఎండ వాలింది. బస్టాండు దగ్గర ఇంజిన్ ఆపి, "ఇంక నా వల్ల గాదు" అన్నాడు. తెలిసినవాళ్ళ ఇంట్లో బండి పెట్టి బస్సెక్కాం.

ఈ దారిన వచ్చేవాళ్ళకు ఒక మాట: అలాంటి డబ్బా ఉంటే గుంతలు దాటిన ప్రతిసారీ దిగి గొట్టం చూసుకోండి. హంపిలో రాతి మండపాలెన్నో చూశాను. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే మాత్రం అన్న భుజం మీదుగా కనిపించిన ఆత్మకూరు రోడ్డే కనిపిస్తుంది.

బస్సు కదిలాక వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"పై వారం ఆదివారం నేనొక్కడినే వచ్చి బండి తీసుకుపోతా. నువ్వు రాబాక."

"భయం పోయిందా?"

"పోలేదు. నువ్వుంటే తాళం నీకే ఇచ్చేస్తా. అందుకే రాబాక."