ఎంకామ్ క్లాసులో రొయ్యల పాఠం

నేను మచిలీపట్నంలో ఎమ్మెస్సీ ఆక్వాకల్చర్ చదువుతున్న రోజులవి. మాది నాగాయలంక. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. అలాంటిది, మా యూనివర్సిటీకి అనుబంధంగా గుడివాడలో ఉన్న ఒక పీజీ కాలేజీకి వెళ్లి రొయ్యల జబ్బుల మీద సెమినార్ ఇవ్వాల్సి వచ్చింది.

బస్సు ఆలస్యమైంది. పరుగున వెళ్లి, విద్యార్థులతో నిండుగా ఉన్న గది కనబడగానే లోపలికి దూరి, తలెత్తకుండా మొదలుపెట్టేశాను. మా చెరువులో తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి గట్టుకు కొట్టుకొచ్చిన సంగతి చెప్పేటప్పటికి గొంతు కుదుటపడింది.

అంతలో గుమ్మంలోంచి ఒక మేడమ్ మెల్లగా అన్నారు.

"అమ్మాయ్, ఇది ఎంకామ్ క్లాసు. నీ సెమినార్ పై అంతస్తులో."

అందరూ నన్ను గెస్ట్ లెక్చరర్ అనుకున్నారట. సిగ్గుతో గబగబా నా కాగితాలు సర్దుకోబోయాను. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

"మేడమ్, ఒక్క నిమిషం ఉండనివ్వండి. మొవ్వలో మాకూ చెరువుంది. అక్కా, ఆ జబ్బు ముందే ఎలా తెలుస్తుందండీ?"

మేడమ్ తలూపారు. జవాబు చెప్పి పైకి వెళ్లాను. అక్కడ ప్రొఫెసర్లు అడిగినవాటికి తడుముకోకుండా సమాధానాలు చెప్పాను.

కిందికి దిగేసరికి ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"నాన్న లైన్లో ఉన్నారక్కా. ఇందాక చెప్పింది ఆయనకీ చెప్పండి."

వినేవాళ్లు మన తప్పులు పట్టడానికే కూర్చుంటారని అప్పటిదాకా అనుకునేదాన్ని. నా చదువు ఒకరికి అవసరమని మొదటిసారి ఆ మెట్ల దగ్గరే తెలిసింది.