తెగిన వరుస

మొన్న కళ్ల డాక్టరు దగ్గరికి మెట్రోలో పోతుంటే, మా ఆయన పోయాక అమీర్‌పేటలో నేను ఊడ్చి, తుడిచి, చాయ్ ఇచ్చిన కోచింగ్ సెంటరు అంతస్తు రైలు కిటికీలోంచి కనబడింది. ఇప్పుడది బట్టల దుకాణం. చూడగానే మా ఆడబిడ్డ కూతురు గుర్తొచ్చింది.

మన ఈడువాళ్లకు తెలుసు, ఆ రోజుల్లో అక్కడి మైత్రీవనం భవనం చుట్టూ ఏ గోడ చూసినా కోర్సుల బోర్డులే. ఆ పిల్ల నా దగ్గరే ఉండి, మా సెంటర్లోనే పెర్ల్ అనే కంప్యూటర్ భాష నేర్చుకునేది. ఒకరోజు ఏమైందంటే, మర్నాడు పంజాగుట్టలో ఒక ఆఫీసులో తన ప్రోగ్రాం నడిపి చూపాలి, నడిస్తేనే ఉద్యోగం, లేదంటే ఊరికొచ్చి మగ్గం దగ్గర కూర్చోవాలని తల్లి ముందే చెప్పి ఉంచింది. ఏ డిస్కు ఎంత నిండిందని మెషీన్‌ను అడిగి, అది వరుసలుగా ఇచ్చే జవాబును ఖాళీల దగ్గర ముక్కలు చేసి, ప్రతి వరుసలో ఐదో ముక్క పట్టుకుని, నూటికి తొంభై దాటితే చెప్పాలి, అదీ ఆ ప్రోగ్రాం పని. అది మిగతా అన్నిటినీ పట్టేది గానీ, అన్నిటికన్నా నిండిన డిస్కు దగ్గర మాత్రం నోరు విప్పేది కాదు. పిల్ల పొద్దుటి నుంచి తను రాసినదాంట్లోనే తప్పు వెతికి వెతికి, చివరికి మెషీన్ జవాబును కాగితం మీద అచ్చు తీసి ముందేసుకుంది.

చాయ్ ఇస్తూ నేనూ వంగి చూశాను. కూడబలుక్కుని చదివేదాన్నే గానీ, ఏళ్ల తరబడి మగ్గం మీద పోగులు చూసిన కళ్లు నావి.

"గిక్కడ పోగు తెగింది బిడ్డా."

"గది పోగు గాదత్తా, లైను. జర ఆగరాదు."

"లైనో గీనో, దాని ముందల గంత ఖాళీ ఎందుకున్నదే మరి?"

పిల్ల చాయ్ పక్కన పెట్టేసింది. ఆ డిస్కు పేరు బాగా పొడుగు, అందుకని పేరొక్కటే పైన మిగిలి, అంకెలన్నీ కింది వరుసకు జారాయి, లెక్క తప్పి ఐదో ముక్క వేరేదయింది. తెగిన రెంటినీ ముందు కలిపి, ఆ తర్వాతే ముక్కలు చేసేట్టు రాసింది. ప్రోగ్రాం నోరు విప్పింది.

ఉద్యోగం వచ్చింది. అంతకన్నా నాకు గొప్పగా తోచిందేమంటే, తప్పెలా దొరికిందని అక్కడి సార్లు అడిగితే, మా అత్త చూసింది సార్, సెంటర్లో ఊడుస్తది అని నిమ్మళంగా చెప్పిందట. దాచుకుంటే ఎవరికి తెలిసేది?

ఇప్పుడు పెద్ద హోదాలో ఉంది. తప్పెక్కడుందో మెషీన్లే చెబుతాయట, మంచిదే. కాకపోతే అప్పట్లో తప్పును అలా ముందు పరుచుకుని కూర్చుంటే, నాలాంటిది కూడా మెడ వంచి ఒక మాట అనే వీలుండేది. ఇప్పుడు పక్కనే కూర్చున్నా, ఆ పిల్ల ఏం వెతుకుతుందో నాకు కనబడదు.