కాటుకతో పెట్టిన చిల్లులు

ఆ రోజుల్లో మా ఆత్మకూరు వైపు శబ్దానికి కూడా తీరిక ఉండేది. నోట్లోంచి బయటపడ్డ మాట వెంటనే పోయేది కాదు. గోడలను పలకరించి, కప్పును పలకరించి, రెండు మూడు సార్లు వెనక్కి వచ్చి గాని సెలవు తీసుకునేది కాదు. ఈ మాట అనే హక్కు నాకుందో లేదో తెలియదు. ఎందుకంటే ముప్పై ఏళ్ళకు పైగా ప్రతిధ్వనిని చంపి పొట్ట పోసుకున్నవాణ్ణి నేను. సినిమా హాళ్ళకూ కల్యాణ మంటపాలకూ చిల్లుల అట్టలతో సీలింగు బిగించడం నా వృత్తి. (మా ఆవిడ చుట్టాలకు మాత్రం ‘కాంట్రాక్టరు’ అని చెబుతుంది. చిల్లులు అనే మాట ఆమెకు గిట్టదు.) ఆ వృత్తిలో నా మొట్టమొదటి పనిలోనే రెండు తప్పులు చేశాను. మొదటిది తెలియక, రెండోది తెలిసే. మొదటిదానికి అందరూ నవ్వారు. రెండోదాన్ని తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో ఇప్పటికీ నాకు తెలియదు.

మాది ఉదయగిరి. మా నాయన మామూలు రోజుల్లో టైలరు, నాటకాల రోజుల్లో రాజు. జాకెట్లకు కాజాలు కుట్టిన వేళ్ళతోనే సాయంత్రానికి అట్టకత్తి దూసేవాడు. యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న రాజు వేషం ఆయనది. కొడుకు శవం ముందు నిలబడి పాడే పద్యం ఒకటుండేది. దాని చివర ఆయన రాగం ఎత్తుకుంటే వన్స్‌మోర్లు పడేవి. నాకు సూదిలో దారం ఎక్కించడానికే పూట పట్టేది గనుక నన్ను కుట్టుపనికి పనికిరానివాడిగా తేల్చేసి, మా వీధిలోనే చెక్క చెంచాలు చెక్కే మామూ దగ్గర చేర్చాడు. మామూ మాకు చుట్టం కాదు. ఉర్దూ మాట్లాడే ఇంటి మనిషి, మా నాయనకు స్నేహితుడు, వీధి వీధంతటికీ మామూ. ఆయన దగ్గర మొదటి పాఠం చెక్కడం కాదు, పూడ్చడం. కర్రలో పురుగు తొలిచిన చిల్లు ఆవగింజంత కనబడినా రంపపు పొట్టులో జిగురు కలిపి పూడ్చి, నున్నగా రుద్ది, ఆ చోటు చేసినవాడికే మళ్ళీ దొరక్కుండా చెయ్యాలి. “చిల్లుంటే దాన్ని చెంచా అనరు బేటా, జల్లెడ అంటారు” అనేవాడు. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి చిల్లు కనబడితే నా చెయ్యి ఊరుకునేది కాదు.

ఎనభైల మొదట్లో సంగతి. అప్పటికి చాలా ఏళ్ళ కిందటే ఆత్మకూరులో ఒక రైసుమిల్లు ఆయన పెద్ద హాలు కట్టించి ఉన్నాడు. రాతి గోడలు, ఎత్తైన కాంక్రీటు కప్పు. నోరు తెరవనంతసేపూ గొప్పగా ఉండేది. తెరిస్తే మాత్రం ఒకటే గోల. పురోహితుడు తాళి కట్టించే మంత్రానికి వచ్చేసరికి అంతకుముందు చదివిన మంత్రం ఇంకా కప్పులో తిరుగుతూ ఉండేది. ఒక నాయకుడు మైకు ముందు “మీకు నీళ్ళు తెస్తాను” అంటే హాలు నాలుగుసార్లు తెస్తాను, తెస్తాను అంది. (నీళ్ళు ఒక్కసారీ రాలేదు.) పోనుపోను పెళ్ళిళ్ళవాళ్ళు ఆ హాలంటే భయపడసాగారు. మిల్లాయన విసిగిపోయి మద్రాసు నుంచి ఒక ఇంజనీరును పిలిపించాడు. ఆయన హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టి, కళ్ళు మూసుకుని, వేళ్ళు లెక్కపెట్టాడు. వాచ్‌మన్ పాపం ఏదో మెచ్చుకుంటున్నాడనుకుని తనూ కొట్టాడు. చివరికి కప్పు కింద చెక్క చట్రం కట్టి, లారీలో తెప్పించిన జిప్సం అట్టలు బిగించాలని తేలింది. నున్నగా పని చేసేవాళ్ళు కావాలన్నారని మామూనూ నన్నూ పిలిపించారు.

అట్టలు దిగాయి. చూస్తే ఏముంది, తెల్లటి అట్టల నిండా బఠాణీ గింజంత చిల్లులు! మామూ ఒక అట్టను వెలుగుకెత్తి అటు చూసి ఇటు చూసి, “మిల్లాయన మంచోడని మద్రాసోళ్ళు పురుగు పట్టిన సరుకు అంటగట్టినారు” అన్నాడు. ఇంజనీరు వేరే పనిమీద నెల్లూరు పోతూ, “అట్టలు బిగించండి. ఫినిషింగు మాత్రం బాగుండాలి” అని చెప్పిపోయాడు. ఫినిషింగు అన్న మాట మాకు చాలు. సుద్దపొడిలో జిగురు కలిపి ఇద్దరం మూడు రోజులు సారవ కట్టెల మీద కూర్చుని ఒక్కో చిల్లూ పూడ్చాం. మెడలు పట్టేశాయి, కళ్ళనిండా సుద్ద. మూడో రోజు సాయంత్రానికి ఒక్క చిల్లు లేదు. కోడిగుడ్డు పెంకులాగా నిగనిగలాడుతున్న సీలింగును చూసి మిల్లాయన మాకు మామిడిపళ్ళ బుట్ట ఇచ్చాడు. మర్నాడు ఇంజనీరు వచ్చి తల ఎత్తాడు. చప్పట కొట్టాడు. హాలు యథాప్రకారం నాలుగుసార్లు తిరిగి కొట్టింది.

“చిల్లులేవయ్యా?” అన్నాడు నీరసంగా.

“పూడ్చేసినాం సార్. ఒక్కటి చూపించండి చూస్తాం” అన్నాడు మామూ ఛాతీ విరుచుకుని.

ఆయన అక్కడే నేలమీద కూలబడి, తిట్టే ఓపిక లేక, మాకు పాఠం చెప్పాడు. శబ్దం ఆ చిల్లుల్లోంచి పైకి పోతుందట. అట్టకూ కప్పుకూ మధ్య పరిచిన దూదిలో చిక్కుకుని అక్కడే అణగిపోతుందట. మళ్ళీ కిందికి రాదట. మాట ఒక్కసారే, శుభ్రంగా వినబడుతుందట. మామూ తల గోక్కుంటూ, “అంటే చిల్లే సరుకు అన్నమాట” అన్నాడు. ఆ తర్వాత పది రోజులు బరమా తీసుకుని పూడ్చిన చిల్లులన్నీ మేమే మళ్ళీ తొలిచాం. ఊరంతా వచ్చి చూసి, నవ్విపోయింది.

నేను మాత్రం నవ్వలేకపోయాను. శబ్దం మళ్ళీ రాదు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆ సీలింగు కొత్తగా తెరిచే రోజున మా నాయన నాటకమే పెట్టారు. అప్పటికి మూడేళ్ళుగా నేను తెర పక్కన కషాయం గ్లాసుతో నిలబడి ఒక సంగతి చూస్తున్నాను. నాయనకు ఆయాసం పట్టుకుంది. పద్యం చివరి రాగం సగం దాకా తీసి ఆపేసేవాడు. ఆత్మకూరులో ఆడినప్పుడల్లా మిగతా సగం ఆ హాలు పాడేది. రాతి గోడలు ఆ రాగాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే ఆయన చెయ్యి చాచి, కళ్ళు మూసుకుని, ఇంకా పాడుతున్నట్టే నిలబడి ఊపిరి పీల్చుకునేవాడు. జనం వన్స్‌మోర్ అనేవాళ్ళు. ఈ కిటుకు ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నాకు తెలుసని ఆయనకు తెలియదు. మిగతా ఊళ్ళలో గొంతు అందక రెండు నాటకాలు చెడ్డాయి. నాటక సమాజం పెద్ద అప్పటికే చెప్పేశాడు: “ఆత్మకూరులో గూడా ఇట్నే అయితే, ఈసారి నుంచి రాజు వేషం ఆ కావలి ఊరి కుర్రోడిది.” కిరీటం లేకపోతే మా నాయన ఉట్టి టైలరు. ఆ కప్పుకు చిల్లులు పెడుతున్నది నా చెయ్యి.

అందుకని రెండో తప్పు చేశాను. సరిగ్గా రంగస్థలం మీదికి వచ్చే ఎనిమిది అట్టల చిల్లులు తొలవకుండా వదిలేశాను. ఇంజనీరుకు అనుమానం రాకుండా పూడ్చిన ప్రతి చిల్లు మీదా నల్లటి చుక్క పెట్టాలనుకున్నాను. ఆ మాట మామూకు చెప్పకుండానే అర్థమైంది. మర్నాడు వాళ్ళింట్లో నుంచి కాటుక బరిణె తెచ్చి నా చేతిలో పెట్టి, “గుండ్రంగా పెట్టు. మీ నాయన బిడ్డవి, వంకర పెట్టగాకు” అన్నాడంతే. కింద నుంచి చూస్తే అచ్చం చిల్లులే. ఇంజనీరు కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చూసి, “ఇప్పుడు నేర్చుకున్నారు” అని భుజం తట్టాడు. నేను ఇంజనీరును మోసం చేసినందుకు కాదు గాని, అంత తేలిగ్గా మోసపోయినందుకు ఆయన మీద కాస్త జాలిపడ్డాను.

నాటకం రోజు హాలు నిండింది. నాయన కిరీటం సర్దుకుని వచ్చాడు. పద్యం అందుకున్నాడు. చివరికొచ్చి రాగం ఎత్తాడు, సగం దాకా తీశాడు, అలవాటు ప్రకారం ఆపి చెయ్యి చాచాడు. హాలు పలకలేదు. ఎనిమిది అట్టలు ఆ మహా హాలుకు ఏం చాలుతాయి? తెగిన దారంలాగా రాగం అక్కడికక్కడే పోయింది. ఎక్కడో ఎవరో దగ్గితే ఆ దగ్గు స్పష్టంగా వినబడింది. నాయన మెల్లగా తలెత్తి పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన తల దించి, నావైపు ఒక్కసారి చూసి, పద్యాన్ని మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు. ఈసారి రాగం లేదు. పక్కన కూర్చున్న మనిషికి చెప్పుకున్నట్టు, చిన్నగా, ఊపిరి ఎంత అందితే అంత, ముక్క ముక్కగా చెప్పాడు. కొడుకా అన్నచోట గొంతు జీరపోయింది. ఆ జీర కూడా ఆఖరి బెంచీ దాకా వినబడింది. వెనకాల నుంచి ఒక అవ్వ గట్టిగానే అనేసింది: “ఓయమ్మా! ఇన్నేండ్లుగా చూస్తా ఉండాను, ఈ రాజు ఏడస్తా ఉండాడని ఈరోజుగదా తెలిసినాది!” ఎవరూ నవ్వలేదు. వన్స్‌మోరూ అనలేదు. జనం ముక్కులు చీదుకుంటున్న చప్పుడు మాత్రం ఆ కొత్త సీలింగు కింద చాలా శుభ్రంగా వినబడింది.

మర్నాడు పొద్దున ఉదయగిరి బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చున్నాడు. చెవి పక్కన ఇంకా కొంచెం రంగు ఉండిపోయింది.

“పైన ఆ ఎనిమిది అట్టలకీ చిల్లులు రాసినావా?” అన్నాడు దుత్తలూరు దాటాక.

“నీకెట్లా తెలిసినాది?”

“ముప్పై ఏండ్లు కాజాలు కుట్టినోణ్ణిరా. తెగిన కాజా ఏదో, గీత గీసిన కాజా ఏదో తెలీదా నాకు?” కిటికీలోంచి చూస్తూనే అడిగాడు. “నా గొంతు పోయినాదని నీకు ఎన్నాళ్ళుగా తెలుసు?”

“మూడేండ్లు.”

“చెప్పకపోతివే.”

“నువ్వూ చెప్పకపోతివి గదా నాయనా.”

ఆయన నవ్వాడు. నవ్వితే ఆయాసం వచ్చింది, ఆయాసం తగ్గాక మళ్ళీ నవ్వాడు. “పైకి చూసినాను గదా, ఆ కాటుక బొట్లు కనిపించినాయి. ఇంక రాగమెందుకు అనిపించినాది” అన్నాడు. ఇంటికి వచ్చిన వారంలో తనే కావలి కుర్రాణ్ణి పిలిపించి, కొలతలు తీసుకుని, రాజు అంగరఖా కొత్తది కుట్టి ఇచ్చాడు. కాజాలు మాత్రం నన్ను కత్తిరించమన్నాడు. మూడు వంకరపోయాయి. ఆ తర్వాత ఆయన మళ్ళీ వేషం కట్టలేదు. మిషను తొక్కుతూ ఆ పద్యం కూనిరాగం తీసేవాడు, నేను దగ్గరికి పోతే ఆపేసేవాడు. దగ్గరికి పోకుండా దూరంగా నిలబడి వినాలన్న తెలివి నాకు ఆలస్యంగా వచ్చింది. అప్పటికి మిషను కూడా ఆగిపోయింది.

ఆ తర్వాత నేను కట్టిన సీలింగులకు లెక్కలేదు. ఎక్కడికి పోయినా ముందు చప్పట కొట్టి, తిరిగొచ్చే శబ్దం విని, దాన్ని ఎట్లా చంపాలో చెప్పేవాణ్ణి. జనం నన్ను మెచ్చుకునేవాళ్ళు. నాకు మాత్రం పని పూర్తయిన ప్రతి హాలులోనూ ఏదో ఒకటి పోగొట్టుకుని బయటికి వచ్చినట్టుండేది. పోయిన నెల నెల్లూరులో మా అమ్మాయి ఇల్లు కడుతుంటే చూడ్డానికి పోయాను. మేడమీద పెద్ద గది, ఇంకా తలుపుల్లేవు, సామాన్లేవు. ఏ సీలింగు వెయ్యమంటావు నాన్నా అని అమ్మాయి అడిగి కిందికి పోయింది. అలవాటు కొద్దీ చప్పట కొట్టాను. గది బాగా పలికింది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. ఈ వయసులో ఏం సిగ్గులే అనుకుని నాయన పద్యం అందుకున్నాను. రాగం ఎత్తాను. సగంలో ఊపిరి అందలేదు (నాకూ ఇప్పుడు ఆయాసమే, ఆస్తి అంటే అదొక్కటే వచ్చింది). ఆపేశాను. మిగతా సగం గది పాడింది. చెయ్యి దానంతటదే చాచుకుంది. అట్లాగే కళ్ళు మూసుకుని నిలబడిపోయాను.

కింద నుంచి మేస్త్రీ కేకేశాడు. “పెద్దాయనా, పైన ఎవురుండారు నీతో?”

“మా నాయన” అన్నాను.

ఆ గదికి సీలింగు వద్దని చెప్పి దిగి వచ్చాను.